పదకొండో భాగం

పీణ్య రెండో స్టేజీలో మా క్రోమ్ ప్లేటింగ్ షెడ్డు.
నేను ల్యాబులో ఉంటాను. ల్యాబంటే
ఒక బల్ల, మూడు బ్యూరెట్లు, గొళ్ళెం పడని తలుపు.
తొట్టిలో ఘాటు ఎంతుందో కొలిచి చీటీ రాసిస్తాను.
చీటీ చదివేది ఓనరు.
తొట్టి పక్కన నిలబడేది వేరేవాళ్ళు.

కొత్త డ్రమ్ములు దిగిన రోజు
ఎర్ర అంచు బొమ్మలకి మనవాళ్ళు పేర్లు పెట్టారు.
చెయ్యి కరిగిపోతున్న బొమ్మ గోరింటాకు.
వెల్లకిలా తేలిన చేప ఆదివారం.
గుండెల్లో నక్షత్రం పగిలిన మనిషిని చూసి
"వీడెవడో ప్రేమలో పడినాడప్పా" అన్నాడు
మడకశిర నుంచి వచ్చిన తిప్పేష.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ నవ్వు నాకింకా అరగలేదు.

డ్రమ్ముతో పాటు పదహారు భాగాల కాగితం వస్తుంది.
కాగితం ఫైల్లో, ఫైలు బీరువాలో,
బీరువా తాళం అకౌంటెంటు మొలతాడుకి.
"అది ఆడిట్ వాళ్ళకమ్మా" అన్నాడాయన,
దేవుడి ప్రసాదం ఎంగిలి చేస్తానన్నట్టు.
ఫోన్లో ఫొటోలు తీసుకున్నాను.

జాలహళ్ళి క్రాస్ గదిలో రాత్రిళ్ళు
ఒక్కో వాక్యాన్నీ తెలుగులోకి దించడానికి కూచున్నాను.
జబ్బు "రావచ్చు" అని రాస్తే
చుట్టాలొస్తున్నట్టుంది. కొట్టేసి "వస్తుంది" అని రాశాను.
"తగినంత గాలి" అంటే ఎంత?
మా ఫ్యాను రెక్క విరిగి రెండేళ్ళు.
"తగిన తొడుగులు" అంటే ఎవరికి తగినవి?
ఒక్కచోట మాత్రం తెలుగు తనంతట తనే వచ్చింది:
నీళ్ళలో యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లో నీళ్ళు పొయ్యకూడదు.
ఎసట్లో బియ్యం పోస్తాం గాని
బియ్యంలో ఎసరు పొయ్యం కదా.

గంగులప్పది పావగడ. తొట్టి మీద పదిహేడేళ్ళు.
టీ తాగేటప్పుడు ఆయన దగ్గరొక విద్య ఉంది:
ఒక ముక్కురంధ్రంలోంచి దారం పోనిచ్చి
రెండోదాంట్లోంచి లాగుతాడు.
పిల్లలు ఈల వేస్తారు.
"సూదంత నొప్పి లేదురా" అంటాడు గొప్పగా.
ఇంట్లో పప్పు మాడితే ఆయనకి తెలియదట,
పక్కింటివాళ్ళు వచ్చి చెప్పాలట.

శుక్రవారం అన్నాల వేళ చదివాను.
మొదటి పది భాగాలకీ సద్దిముద్దలు మింగుతూ ఊఁ కొట్టారు.
పదకొండో భాగం:
ముక్కు లోపలి అడ్డుగోడకి పుండు పడుతుంది,
నొప్పి తెలియదు,
చివరికి చిల్లి పడుతుంది.

గంగులప్ప చెయ్యి కడుక్కోకుండా లేచి వచ్చాడు.
"యాడ రాసుంది?"
చూపించాను. చదవడం రాదు,
పసుపెక్కిన గోరు ఆ గీత మీద పెట్టి అట్లే ఉంచాడు.
"ఎప్పుడు రాసినారు?"
ఫైలు అడుగునున్న పాత ప్రతి ఫొటో వెతికాను.
మూలన తేదీ ఉంది.
ఆయన చేరడానికి రెండేళ్ళ ముందుది.

"అయితే నా ముక్కు కన్నా ముందే
ఈ కాగితానికి తెలుసన్నమాట."
అరవలేదు. ఎప్పుడో తప్పిపోయిన మేక
ఎవరి దొడ్లో కట్టేసుందో విన్నవాడిలా అన్నాడు.
తిప్పేష తన క్యారియరు మూత పెట్టేశాడు.

ఆ తర్వాత ఫ్యానుకి రెక్క వచ్చింది.
మాస్కులకి ఆర్డరు పెట్టామంటున్నారు,
రోజూ అంటున్నారు.
బీరువా తాళం మాత్రం ఇప్పుడు గోడ మేకుకి వేలాడుతోంది,
ఎవరు వేలాడదీశారో ఎవరూ చెప్పరు.

సోమవారం నలుగురు కొత్త కుర్రాళ్ళు దిగారు.
ఒడిశా. తెలుగు రాదు, కన్నడం రాదు.
నా కాగితం నా చేతిలోనే చల్లబడింది.

గంగులప్ప వాళ్ళని డ్రమ్ము ముందు కూచోబెట్టాడు.
నక్షత్రం పగిలిన మనిషిని చూపించాడు.
దారం తీశాడు. ఇటు పోనిచ్చాడు, అటు లాగాడు.
ఈసారి ఎవరూ ఈల వెయ్యలేదు.
ఒక కుర్రాడు తన ముక్కు తడుముకున్నాడు.

దారం జేబులో చుట్టుకుంటూ
నా గదిలోకి తొంగిచూసి అడిగాడు:
"ఒడియాలో చిల్లిని ఏమంటారమ్మా?"