గురువారం మాటలు

గోయా పట్నంలో, పరానా నది పక్కన,
నికనోర్ సైకిల్ షాపు వెనక
ప్రతి గురువారం మేం ఏడుగురం.
ఒకటే సొరబుర్ర, ఒకటే గొట్టం,
మాతే కషాయం చేతులు మారుతుంది.

మోకాళ్ల గురించి మాట్లాడొచ్చు.
పెన్షన్ ఆఫీసు కళ్లద్దాలావిడ గురించి,
సురుబీ చేప ధర గురించి. అది ఏ వారమూ తెగదు.
బూట్ల గురించైతే ఎంతసేపైనా:
పంతొమ్మిదేళ్లప్పుడు ఆ దీవుల్లో
అవి నీళ్లు తాగాయి, మా వేళ్లు నల్లబడ్డాయి.
అదీ నవ్వుతూనే చెప్పుకుంటాం.

గొర్రె సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.
ఎత్తొద్దని ఎవరూ అనలేదు.

పోయిన వారం ఎలెయుతేరియో కొడుకొచ్చాడు.
తండ్రి పోయి నెల.
తండ్రి కుర్చీలోనే కూర్చుని అడిగాడు:
"చలికాలమంతా నాన్న
మణికట్లకి గుడ్డ చుట్టుకునేవాడు. ఎందుకు?"

నది మీద పడవ మోటారొకటి దగ్గి ఆగింది.

ఆకలి. దొంగిలించిన గొర్రె.
మంచులో నాలుగు మేకులు.
కట్టెయ్యమన్నది శత్రువు కాదు, మా లెఫ్టినెంటే.

బుర్ర నా వంతుకొచ్చింది.
ఇక్కడ "గ్రాసియాస్" అంటే
ఇక నాకు చాలని, నన్ను వదిలెయ్యమని.
నేననలేదు.
అడుగుదాకా పీల్చి, వెనక్కిచ్చి,
ముడి వేసింది నేనే నాయనా, అన్నాను.
తాడు తడిసి ఉంది,
అందుకే అంత బిగిసింది, అని కూడా.