నిశాని

హన్మకొండ లేబరాఫీసు రెండో అంతస్తుల
పద్దెనిమిదేండ్ల సంది టైపు చేస్తున్న.
విరిగిన కాళ్లు, కమిలిన వీపులు, లేకుంటపోయిన మనుషులు
అందరూ ఒక్కటే సైజు అక్షరాలల్ల,
రెండు గీతల ఎడంతోని.

సాంబలక్ష్మి సంచిలకెల్లి ఒక పొట్లం తీసింది.
చింతపండు కట్టినట్టు పాత పేపర్ల కట్టి ఉన్నది.
విప్పితే నాలుగు బోల్టులు.
గ్రీసు ఇంకా వేలికంటుతున్నది.

"ఇవి మిషన్‌వేనా?" అన్నడు సారు.

"మిషన్‌వే. రేకు మూతను పట్టుకోని ఉండాల్సినయి.
దసరా ఎల్లంగనే ఏనుమాముల కాడ లారీలు లైను కట్టినయి.
తడి పత్తి మూతకాడ ఇరుకుతాందని
సూపరైజరు ఊడదీసి కిటికీల పెట్టిండు,
రేపు ఎక్కిస్త అన్నడు.
నెలా పదకొండు రోజులు అవి కిటికీలనే ఉన్నయి.
ఎంజీఎం దవఖాన కెల్లి వచ్చినంక జీతం అడగవోయిన.
జీతం ఇయ్యలే.
ఇవి తెచ్చుకున్న."

ఇన్సూరెన్సు వకీలు లేచిండు.
"ఆనాడు కొంగు నడుముకు దోపుకున్నవా, లేదా?"

"దోపుకున్న సారు.
కొంగుకు ఏం కాలే."

ఎవరో ఎనుక బెంచీల కిసుక్కున నవ్విన్రు.
నేను కొట్టిన: సాక్షి తగిన జాగ్రత్తతో ఉన్నట్లు చెప్పినది.

"మిల్లు పని కాకుంటే బీడీలన్నా చేసుకోవచ్చు గదా?"

అప్పుడు మొదటిసారి ఆమె గొంతు లేచింది.
"మా అవ్వగారిది కోరుట్ల సారు,
ఏడేండ్లప్పుడే చేత చాట వట్టిన.
ఆకును ఒత్తేది బొటనేలే, మూతి మలిచేది బొటనేలే.
రెండు చేతులయి రెండూ గావాలె.
తక్కినయి ఊకె సూసుకుంట కూసుంటయి."

ఇది ఎట్ల టైపు చెయ్యాలె?
ఇతర వృత్తి చేయలేనని చెప్పినది, అని కొట్టిన.

తీర్పు ఇంకా రాలే.
అయినా లెక్క నాకు తెలుసు.
చట్టం చివర ఒక పట్టీ ఉంటది,
మనిషి నూరైతే బొటనవేలు ముప్పై,
చూపుడువేలు పద్నాలుగు.
నెల కూలిల నూటికి అరవై తీసి
వయసుకు రాసి ఉన్న అంకెతోని హెచ్చవేసి
దాంట్ల ముప్పై పాళ్లు.
ఎక్కడా తప్పు రాదు.
ఇంటికాడ అన్నం కలుపుకుంట సుత
ఒక్కోనాడు నా చేతి వేళ్లకు ధర కడుత.

"సంతకం వస్తదా?"
"రాదు మేడం."
అలవాటు కొద్దీ ఇంకు డబ్బీ మూత తీసి జరిపిన.
కాగితం అడుగున నేను కొట్టిన అక్షరాలే:
ఎడమచేతి బొటనవేలి ముద్ర.

ఆమె డబ్బీ దిక్కు చూసింది. నా దిక్కు చూసింది.
కొంగు కింది చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది.
కొత్త తోలు, లేత గులాబి రంగు,
చిన్నపిల్లల మడిమె లెక్క నున్నగ.

"ఏది పెట్టాలె?"

పద్దెనిమిదేండ్లు.
ఎన్ని వందల కాగితాల అడుగున ఆ గీత కొట్టిన్నో.
ఈ ఆఫీసు మెట్లెక్కి వచ్చేటోళ్లు ఎవరో తెలిసి సుత
మనిషికి పది వేళ్లుంటయనే అనుకున్న.

పెన్నుతోని 'ఎడమ' కొట్టేసి 'కుడి' రాసిన.
పక్కన నా పొట్టి సంతకం,
దిద్దుబాటు నాదేనని.

ఆమె కుడి బొటనవేలు గట్టిగ ఒత్తింది,
గీతలు ఒక్కొక్కటీ లెక్కవెట్టేంత సాఫుగ పడ్డది.
మిగిలిన ఇంకు తలకు రాసుకున్నది.

బోల్టులకు దారంతోని చీటీ కడుతుంటే అడిగింది:
"ఇవి మల్ల ఇస్తరా?"
"కేసు అయినంక తీస్కపోవచ్చు. ఏండ్లు పడ్తది."
"నాకు వద్దు మేడం. మిల్లుకే పంపుండ్రి, జర జల్ది.
నా మిషన్ కాడ ఇప్పుడు
మా ఆడిబిడ్డ నిలవడుతాంది."

సారు అప్పటికే ఇంకో ఫైలు పిలిచిండు:
మడికొండ, సెంట్రింగు పని, మూడో అంతస్తు.