జొన్నపిండి

మొదటిసారి మిట్టమధ్యాహ్నం తీశాం.
అరవై నాలుగు ఫొటోలు, చెమట, తొందర.
దేవరకొండ లాడ్జి గదిలో
రాత్రంతా ల్యాప్‌టాప్ మూలిగి మూలిగి
తెల్లారేసరికి ఒక ముద్దను కన్నది.
వీరుడి కత్తి నీడ
రాతిలో గాడి అయి కూర్చుంది.
కుడి భుజం కరిగిన కొవ్వొత్తి.
చంక కింద పిడికిలంత బొక్క,
అందులోంచి చూస్తే
బూడిదరంగు తెర తప్ప ఏమీ లేదు.

"ఎండ అబద్ధమాడ్తది మేడం" అన్నాడు జహంగీర్.

రెండోసారి మబ్బు కోసం ఆగాం.
డిండి దిక్కు మొయిలు పట్టిన పొద్దున
కంది చేల నడుమ గట్టు మీద
మోకాలి ఎత్తున ఒక చుట్టు,
రొమ్ము ఎత్తున ఒక చుట్టు,
నిచ్చెన మీంచి ఒక చుట్టు.
జూమ్ ముట్టుకోవద్దు, ఫోకస్ కదపొద్దు.
ఒక్కటే గుర్తుంచుకో అన్నాను వాడితో:
ప్రతి ఫొటోకీ తన ముందు ఫొటో
మూడింట రెండు వంతులు యాదికుండాలి.
మరిచిన చోటే మోడల్ చిరుగుతుంది.
వాడు తల గోక్కున్నాడు.
"మా తాత గిట్లనే కథ చెప్తుండె మేడం.
నిన్న చెప్పిందే ముప్పాతిక మళ్ల చెప్పి
జరంత ముంగటికి జరుపుతుండె."

మూడు వందల పన్నెండు ఫొటోలు.
కత్తి కత్తిలా వచ్చింది. పులికి మీసాలొచ్చాయి.
బొక్క మాత్రం బొక్కే.

మెరుపు వల్ల.
ఎన్ని తరాల ఆముదమో
నల్లగా, గాజులా గట్టిపడి,
నేనొక అడుగు జరిగితే తానూ జరిగే వెలుగు.
రాతి మీది చుక్క రాతి మీదే ఉండాలి కదా,
ఇది నా వెంట నడుస్తోంది.
కెమెరా దేన్ని నమ్మాలి?

సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట ఉంది, బొక్కలు పూడ్చేది.
నొక్కితే నున్నటి చర్మం అల్లుకుంటుంది.
ఆఫీసు నుంచి ఫోను:
నొక్కేయండి, శుక్రవారం ఇచ్చేయాలి.
నొక్కాను. తిప్పి చూశాను.
అంత అందమైన చంక ఏ మనిషికీ ఉండదు.
వెనక్కి తీసేశాను.

నూనె పోసేది ఈదమ్మ.
సబ్బు రాతిని తింటుంది, మందు ఇంకా తింటుంది.
నసుగుతూ ఆమెతోనే చెప్పాను:
అమ్మా, నీ నూనె మెరుస్తోంది,
మెరిస్తే మాకు కనబడదు.
"మెరుస్తె కనబడకపోవుడేంది బిడ్డా?"
నవ్వి, లోపలికి పోయి
చాటలో జొన్నపిండి తెచ్చింది.
"పీట జిడ్డయితే దీంతోనే గద తీస్తం."

పసిపిల్లకు నలుగు పెట్టినట్టు
కుత్తిక కింద, మోకాలి చాటున, చంకలో
రెండు వేళ్ళతో, ఒక్కో మడతా విప్పుతూ.
పిండి నల్లబడి ఉండలై రాలింది.
మళ్ళీ పొడిపిండి. మళ్ళీ రాలింది.
చివరికి రాయి
మచ్చలు మచ్చలుగా, వెలవెలబోయి నిలబడింది.
మాకు మచ్చలే కావాలి.
మచ్చను పట్టుకునే కెమెరా
ఒక ఫొటోలోంచి ఇంకో ఫొటోలోకి దాటుతుంది.

ఆ రాత్రి బొక్క పూడలేదు,
నిండింది.
ముందు ఒక చెవి.
తర్వాత మూతి.
వీరుడి చంకలో గొర్రెపిల్ల,
పులి వైపు కాదు, మన వైపు చూస్తూ.

పొద్దున్నే పోయి తెర తిప్పి చూపించాను.
ఈదమ్మ ఆశ్చర్యపోలేదు.
"గొర్రెపిల్లనే. నాకెర్కనే.
రోజూ దాని మూతికే ముందుగాల నూనె వెడత."
"చంకల పిల్లను వెట్టుకొని సంతంతా దేవులాడినం"
అన్నాడు జహంగీర్. "ముందే చెప్పొద్దా అవ్వా?"
"మీరడిగితిరా?
ఫొటోలు దిగుతుంటిరి గద."

సగటు తేడా అర మిల్లీమీటరు అని
రిపోర్టులో రాశాను.
పిండి కోసం వచ్చిన చీమల బారు
ఏ మోడల్‌లోనూ లేదు,
కదిలేవి వాటంతటవే రాలిపోతాయి.

స్టాండు మడుస్తుంటే ఈదమ్మ
గిన్నెతో వచ్చింది.
"మీ పనయింది గద?"
నూనె పోసింది.
తాగినంత తాగి రాయి మెల్లగా నల్లబడింది.
మబ్బు విడిచింది.
బండెక్కబోతూ జహంగీర్
ఫోనుతో ఒకటి లాగాడు.
అందులో వెలుగు తప్ప
ఏమీ పడలేదు.