బ్యాడ్జీ విప్పే కూలి

లోస్టాఫ్ట్‌లో నా కుట్టుకొట్టు
చేపల రేవుకి రెండు వీధులు ఇవతల.
ప్యాంట్లు పొట్టి చేస్తాను, జిప్పులు మారుస్తాను,
పెళ్లి గౌన్లకి నడుం వదులు చేస్తాను.
బ్యాడ్జీ విప్పమని వచ్చేది మాత్రం ఒక్కడే,
క్లైవ్ ఉటింగ్.

మొదటిసారి వచ్చినప్పుడు
నీళ్లు కారే గొడుగు తలుపుకి ఆనించి
నీలం కోటు బల్ల మీద పరిచి
"ఉద్యోగం పోయింది, పక్షిని తీసేయండి" అన్నాడు.
జేబు మీద ఎర్రముక్కు పక్షి,
దాని కాళ్ల కింద నాకు చదవరాని లిపిలో
ఒక దేశం పేరు.
కుట్టడానికి రేటుంది గానీ
విప్పడానికి నేనెప్పుడూ పెట్టుకోలేదు.
రెండు పౌండ్లన్నాను.
"గెలిచి ఉంటే ఎంత?"
గెలిస్తే నా కొట్టుకెందుకొస్తావన్నాను.
నవ్వాడు. వాన తగ్గేదాకా కూర్చున్నాడు.

మచిలీపట్నంలో మా నాన్న
పోలీసు యూనిఫారాలు కుట్టేవాడు.
సస్పెండైన హెడ్డు భుజం మీది చారలు విప్పి
డబ్బులిస్తే తీసుకునేవాడు కాదు.
అది గుర్తొచ్చేసరికి
క్లైవ్ వంతెన దాటిపోయాడు.

ఆ తర్వాత పదిహేడేళ్లలో
తాబేలు వచ్చింది, జోడు కత్తులు వచ్చాయి,
జనాభా అంతా వచ్చి కూర్చున్నా
స్టేడియం సగం ఖాళీగా ఉండే దీవి నుంచి
ఒక కొబ్బరాకు వచ్చింది.
కాలికి బలపం కట్టుకున్న మనిషి
గోడకి కొట్టిన బంతిలా
ప్రతిసారీ ఈ రేవుకే వచ్చి పడేవాడు.
కోటు మాత్రం అదే.
వాళ్లిచ్చే కోట్లకి చేతులు పొట్టట,
అందుకని బ్యాడ్జీ ఒక్కటే పుచ్చుకునేవాడట.

నేను పోగు వెంట పోగు తెంపుతుంటే
స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు.
ఒకచోట గోల్‌కీపరు పోస్టుమాన్,
పెనాల్టీ ఆపిన మర్నాడు
ఊరందరికీ ఉత్తరాలు ఆలస్యం.
ఒకచోట గ్రౌండు నిండా మేకలు,
అదిలించడానికి వీల్లేదు, మంత్రిగారివి.
ఒకచోట పదకొండు గోల్స్ తిని
తలొంచుకుని విమానం దిగితే
జనం పూలదండలతో నిలబడ్డారు.
అంతకు ముందుసారి పదమూడట.
మెడలో దండతోనే
ఎయిర్‌పోర్టు బాత్రూంలోకెళ్లి ఏడ్చానన్నాడు.
గొంతు మారలేదు.
చెయ్యి మాత్రం నా బొత్తాల డబ్బాలో
దేనికోసమో వెతికింది.

అయిదు జాతీయగీతాలు వచ్చతనికి.
మాటలు కాదు, పెదాల కదలిక.
"కెమెరా నా దాకా వచ్చేసరికి
ఎక్కడైనా మూడో చరణమే.
అదొక్కటే నేర్చుకుంటే చాలు."
మీ దేశం ఎప్పుడూ పిలవలేదా అనడిగాను.
"ఒకసారి ఫోన్ చేశారు,
ఇంకో ఉటింగ్ అనుకుని."

కిందటి మార్చిలో మంచుకొండతో వచ్చాడు.
స్టూలు మీద కూర్చోలేదు.
మోకాలు వంగడం లేదన్నాడు,
వయసెంతని అడిగి ఎవరూ మళ్లీ
ఫోన్ చెయ్యడం లేదన్నాడు.
వచ్చే వారం తీసుకుంటానని చీటీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి కొండ విప్పాను.
కోటంతా అయిదు దేశాల ఎండకి
బూడిదరంగు తిరిగిపోయింది.
పక్షి, తాబేలు, కత్తులు, ఆకు, కొండ
ఒకదాని చోట ఒకటి కూర్చుని కాపు కాసిన
అరచేయంత జాగా మాత్రం
కొన్ననాటి నీలంగానే ఉంది.
చుట్టూ సూది బెజ్జాలు,
చీమల దారిలా.
ఇస్త్రీ చేశాను, ఆవిరి పట్టాను,
అవి పూడలేదు.

వారం ఎనిమిది నెలలైంది.
మొన్న బస్టాపులో కనిపించాడు,
ఎవరో పారేసిన వాన కోటులాంటిది తొడుక్కుని.
అవతలి పేవ్‌మెంటు మీద బడి పిల్లలు
ఖాళీ డబ్బా తన్నుకుంటున్నారు.
వాళ్లనే చూస్తున్నాడు.
పెదాలు కదులుతున్నాయి.
ఏ దేశానిదో నాకు తెలియలేదు.
పలకరిద్దామనుకునేలోపు బస్సొచ్చింది,
ఎక్కలేదతను.

కొట్టుకొచ్చి చీటీ రెండో ముక్క మీద
రెండు పౌండ్లు కొట్టేశాను.
మళ్లీ రాశాను.
ఊరికే అంటే
ఇక రాడేమోనని.