ఆఖరి షాట్‌లో ఏమంది

గురువారం రెండో ఆట వదిలాక
ట్రాము దిగి తిన్నగా మా పాల హోటలుకే వస్తారు.
వూచ్ నగరంలో ఆ వేళప్పుడు
వేడి బీట్‌రూట్ చారు దొరికేది ఇక్కడే.
కోట్ల మీద మంచు కరగకముందే
బల్ల మీద యుద్ధం మొదలు.

వించెంతికి "నీలి ఉన్ని" అంటే ప్రాణం.
పదిహేడుసార్లు చూశాడు.
భార్య పురిటి రోజున కూడా వెళ్ళాడట,
అది గొప్పగా చెప్పుకుంటాడు, ఆవిడ పక్కన లేనప్పుడు.
హల్ష్కాకి ఆ పేరెత్తితే ఒళ్ళు మంట.
"రెండున్నర గంటలు ఒకడు కంచె కడతాడు,
ఒకావిడ చూస్తుంది.
మా నాన్నా కట్టాడు కంచె. టిక్కెట్టు పెట్టాడా?"
బొజిదార్ దేన్నీ ఒప్పుకోడు, దేన్నీ కాదనడు.
ఆ దర్శకుడి రెండో సినిమా చూడాలి మీరు, అంటాడు.
దాన్నెవరూ చూడలేదు.
అతనూ చూడలేదని నా అనుమానం.

నేనైతే ఒక్కటీ చూడలేదు.
గురువారాలు నాకు డ్యూటీ.
పన్నెండేళ్ళుగా వీళ్ళ ఎంగిలి గిన్నెలు తోముతూ
అన్ని సినిమాలూ నోటికొచ్చేశాయి:
ఏ సీనులో కురిసింది వాన,
ఏ సీనులో అది గొట్టం నీళ్ళు.
నా తలలో ఆడే "నీలి ఉన్ని"లో
నాయికకి హల్ష్కా కోపం ఉంటుంది,
కంచె మాత్రం వించెంతి చేతులతో కట్టినది,
ఒక పక్కకి ఒరిగి.

ఆ రాత్రి పేచీ ఆఖరి షాట్ మీద.
రైలు కదులుతుంది. అద్దం వెనక ఆమె.
పెదవులు కదులుతాయి, మాట వినపడదు.
ఇంజిను కూత మింగేస్తుంది.
"క్షమించాను, అంది" అన్నాడు వించెంతి.
"పోయి చావు, అంది" అంది హల్ష్కా.
"ఏమందో తెలియకపోవడమే సినిమా" అన్నాడు బొజిదార్.
ఆ ముక్కతో ఇద్దరూ ఒక్కటై అతని మీద పడ్డారు.

కిటికీ పక్క బల్ల దగ్గర గెనొవేఫా
కుడుముల మీద ఉల్లిపాయ ఏరి పక్కన పెడుతోంది.
ముప్ఫై నాలుగేళ్ళు నేతమిల్లులో పనిచేసిన మనిషి,
చెవులు మగ్గాలకే అప్పజెప్పి వచ్చింది.
ఆ హోరులో ఆడవాళ్ళు వట్టి పెదవులతోనే
పెళ్ళిళ్ళు కుదిర్చారు, మేస్త్రీని
ఎదురుగానే బండబూతులు తిట్టారు.
ఇంతసేపూ వీళ్ళ నోళ్ళే చూస్తోందని
మాకెవరికీ తట్టలేదు.

"మా మిల్లువాళ్ళకి ఒకసారి ఊరికే వేశారు ఆ బొమ్మ" అంది,
చెవిటివాళ్ళకుండే పెద్ద గొంతుతో.
"ఆ పిల్ల అన్నది ఇదీ:
బూటు కరుస్తోంది, ఇంకెంతసేపు?"

చెంచాలు ఆగాయి.
వించెంతి కండువా విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు.
హల్ష్కా విరగబడి నవ్వుతుందనుకున్నాను.
నవ్వలేదు.
కుర్చీ అటు తిప్పుకుని,
పెదవులు బాగా కనపడేట్టు అడిగింది:
"ఏ కాలు?"
"అది చెప్పలేదు."

"ఈ సంగతి రెండో సినిమాలో ఉంది" అన్నాడు బొజిదార్.
ఎవరూ పట్టించుకోలేదు.

వించెంతి సగం చారు వదిలేసి
చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.
తలుపు దగ్గర నిలబడి
"పదిహేడుసార్లు ఏడ్చాను" అన్నాడు,
మా ధరల పలకతో.
"వచ్చే నెల మళ్ళీ వేస్తారుగా" హల్ష్కా కేకేసింది,
"నేనూ వస్తా. కంచె అయ్యాక."

మా యజమానురాలు ఆ గురువారం
నాకు సెలవిస్తానంది.
ఇంకా ఏమీ చెప్పలేదు నేను.
నా సినిమాలో రైలు కదల్లేదు.
ఆమె అద్దం వెనక వంగి
లేసు వదులు చేసుకుంటోంది.