కాగితం గోడ

మా లంకలో చలేం చలిలెండి,
చెవులకి తువ్వాలు చుడితే పోతుంది.
మంచే పాడుది.
తెల్లారగట్ట పాయ మీంచి లేచి
కొబ్బరి మొదళ్ళు తడుముకుంటూ వచ్చి
పెట్టె మూత అడుగున బొట్లు బొట్లుగా కూర్చుంటుంది.
పొడి చలికి ఈగ చావదు,
నెత్తిన పడ్డ చుక్కకి చస్తుంది.

అందుకే కార్తీకం వెళ్ళగానే
ప్రతి పెట్టెనీ గుమ్మం వైపు వేలెడు వాలుస్తాను
వెనక కాళ్ళ కింద కొబ్బరి చిప్ప పెంకు దోపి.
నీరు తన దారిన తను పోతుంది.
గుమ్మానికి మట్టి మెత్తి
రెండు ఈగలు ఒరుసుకుపోయేంత సందు ఉంచుతాను.
స్టాండు కాళ్ళ కింది ముంతల్లో
చీమలకని పోసిన నీళ్ళ మీద వాడేసిన ఇంజనాయిలు.
మూత మీద గోనెపట్టా, పట్టా మీద తాటాకు.

నేను చెట్టెక్కిన మనిషిని.
ఇరవైరెండేళ్ళు కల్లు గీశాను.
పొద్దున్నే కుండ దించితే నురగలో
తాగి మునిగిన ఈగలు తేలేవి.
వేలితో తీసి మట్టకేసి విదిలించేవాణ్ణి.
లెక్కపెట్టలేదు. ఎవరు పెడతారు!
మోకు తెగిన రోజు
నన్నూ ఎవరో అలాగే విదిలించినట్టయింది.
ఎడంకాలు రెండంగుళాలు కురచ.
ఇప్పుడు పదకొండు పెట్టెల మధ్య
ఆ కురచకాలితోనే తిరుగుతున్నాను.
పాత బాకీ తీరుస్తున్నావంటుంది ధనకొండ
నోటుబుక్కులో పంచదార లెక్క రాస్తూ.

తుపాను పోయాక చేలో పువ్వు లేదు,
కొబ్బరి పూతలో పుప్పొడంతా వాన కడుక్కుపోయింది.
దీపాలవేళకి పాకం పెడతాం.
పగలు పెడితే పక్క పెట్టెవాళ్ళు దోపిడీకొస్తారు.
రెండు పాళ్ళ పంచదారకి ఒక పాలు నీళ్ళు,
పైన గడ్డిపరకలు తేలేసి.
ఈసారి ఒక్కటీ మునగకూడదు.

ఏడో పెట్టె తేలికైంది.
చెవి ఆనిస్తే రొద పల్చన.
ఎండ ముదిరాక మూత తీశాను.
గుప్పెడు ఈగలు, వాటి మధ్య
అంచులు చిరిగిన రెక్కలతో ముసలి రాణి
ఖాళీ గదుల్లోకి తొంగి తొంగి చూస్తూ.
ఎనిమిదోదీ అంతంతే,
కాని దాని రాణి ఈ ఏటిది.
ఈ రెండు పిడికెళ్ళూ విడివిడిగా మాఘం చూడవు.
కలపాలి.
కలిపితే ఒక్క రాణే.

గీత కత్తి పట్టిన చేతికి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
అంత చిన్న పని చెయ్యడానికి
ఎండ వాలేదాకా పట్టింది.
ధనకొండ ఏమీ అనలేదు,
చెంబుతో నీళ్ళు తెచ్చి పోసింది.
ఒక ఈగ మణికట్టు మీద కుట్టింది.
కుట్టిన చోట
పండిన అమృతపాణి వాసన.
కోపానికి అరటిపండు వాసనేమిటో!

పొద్దుగూకాక రెండిళ్ళ మధ్యా
పాత పేపరు పరిచాను.
వాయుగుండం తీరం దాటుతుందన్న పేజీ.
పిన్నీసుతో నాలుగు బెజ్జాలు పొడిచి
కింద ఎనిమిదోది, పైన ఏడోది.
ఒక్కసారే కలిపితే కొట్టుకు చస్తాయి.
అడ్డం ఉంటే
ఒకరి వాసన ఒకరికి
బెజ్జంలోంచి కొంచెం కొంచెం తెలుస్తుంది.
కొరకడానికి పనీ ఉంటుంది.

మూడు రాత్రులు నిద్ర లేదు నాకు.
ఎదురింటి సత్తిరాజు అడిగాడు కూడా,
కాన్పుకి కాచుకున్నట్టు ఆ తిరుగుడేంటని.

నాలుగో పొద్దున
గుమ్మం ముందు మంచులో
కాగితం పొట్టు.
ఒక తునక మీద
సున్నా ఒకటి చెక్కుచెదరకుండా ఉంది.
చెవి ఆనించాను.
ఒకటే రొద, ఎసరు కాగుతున్నట్టు.
చెక్క గోరువెచ్చగా ఉందో
నా చెంపే వెచ్చగా ఉందో తెలీలేదు.
మూత అంచున ఓ మంచుబొట్టు
వాల్చిన వైపే జారి
గుమ్మం పక్కనుంచి నేల మీద పడింది.

"పది అని రాయి" అన్నాను.
ధనకొండ పదకొండు కొట్టేసి
పెన్సిలు అక్కడే ఆపింది.
"తీసెయ్యాల్సింది ఏడా, ఎనిమిదా?"

నేను చెవి తియ్యలేదు.