సందుల గాలి

సీటు ఎత్తితే ఇంజన్.
ఓమ్ని సంగతి అంతే, దాచుకునేది ఏమీ ఉండదు.
పొద్దున ఏడున్నరకు
యూకేజీ పిల్లలిద్దరు ఇరుక్కొని కూసునే చోటు కింద
మూడు సిలిండర్లు, మసి,
ఒక పెన్సిల్ ముక్క, చచ్చిన బొద్దింక.

చండూరు షెడ్డుల ఆరువేలు అడిగిన్రు.
ఇంటి ముందట గోనెసంచి పరిచిన.
నాకున్నది ఒక్క ఆదివారం.

ఇద్దయ్య తాత గోడకు ఆనుకొని నిలబడ్డడు,
పాతిన కడీ తీర్గ.
మెడ తిరగదు, నడుము వొంగదు.
మర్రిగూడ బోరింగు నీళ్లు యాభై ఏండ్లు తాగిన ఎముకలు.
లారీ ఇంజన్లు విప్పిన చేతులు
ఇప్పుడు చాయ గిలాస దాకనే లేస్తయి.
"నేను సూడలేను బిడ్డా.
నువ్వు చెప్పు, నేను వింట."

చెప్పిన.
మానిఫోల్డ్ లోపల నల్లగ గడ్డకట్టిందని,
జొన్నరొట్టెలు కాల్చిన పెంకు అడుగు తీర్గ ఉన్నదని.
"ఇనుముతోని గీకకు. అల్యూమినియం మెత్తది, నొచ్చుకుంటది."
పాత గాస్కెట్ తునకలను
వ్యాన్ల ఎవరో మరిచిపోయిన ప్లాస్టిక్ స్కేలుతోని తీసిన.
పదిహేను సెంటీమీటర్లల్ల
సగం అంకెలు చెరిగిపోయినయి.

ఇంజెక్టర్లు మూడు. చిటికెన వేలంతంత.
కొసకు కంటికి ఆనని బెజ్జాలు.
ఒకటి ఉమ్మదు. ఒకటి ఊకె కారుతది.
మూడోది మంచిదే.
మా ఇంట్ల తోడబుట్టినోళ్లం ముగ్గురం యాదికొచ్చి నవ్విన.
ఎవరు ఏదని తాత అడగలె.

కొత్త ఓ-రింగులు నల్గొండ నుంచి
కండక్టర్ అంగీ జేబుల పొట్లమై వచ్చినయి.
"పొడిగ తోయకు. చుక్క ఆయిల్ రాయి.
గాజులు తొడిగేటప్పుడు సబ్బు రాయరా, అట్ల,
తిప్పుకుంట, బుజ్జగించుకుంట."

బోల్టులు నడుమ నుంచి బయటికి.
ఒకదాన్నే పట్టుకొని బిగియొద్దంట,
పంక్తిల కూర వడ్డించినట్టు
అందరికి కొంచెం, మల్ల అందరికి కొంచెం.
వెనకదానికి చెయ్యి పట్టలె.
మణికట్టు తోలు లేచింది.
కండ్లు మూసుకొని బిగించిన,
తెరిచినా కనపడేది లేదు.

"చెవి సగం తిప్పి ఆగు."
పంపు జుమ్మన్నది, ఆగింది.
"మల్ల."
తడి లేదు, వాసన లేదు.
"ఇగ కొట్టు."

పట్టుకున్నది!
పట్టుకొని, ఎక్కుడు దిగుడు,
జరమొచ్చిన పిల్ల నిద్రల కలవరించినట్టు.

తాత మెడ తిప్పలేడు.
మనిషికి మనిషే తిరిగిండు, పాదం పాదం జరుపుకుంట,
ఎడమ చెవి ఇంజన్ దిక్కు వచ్చెదాక.
గల్లీల కోడి అరిస్తే చెయ్యెత్తి ఆపిండు, కోడిని.
"సందుల గాలి పీలుస్తున్నది.
వెనక. నీ కుడి చేతికి."

వేలంత రబ్బరు పైపు,
పాత బట్ట కింద నోరు తెరుచుకొని ఉన్నది.
తొడిగిన.
చప్పుడు సాపైంది,
గిలాసల చాయ మీద మీగడ
వణకలె.

సామాను సదురుతుంటే
గోనెసంచి మీద ఒక బోల్టు మిగిలి కనిపించింది.
మెల్లగ, చాన మెల్లగ
డబ్బాల వేసిన.

"పది నంబరుదా, పన్నెండుదా?"
అన్నడు తాత,
గోడ దిక్కే సూసుకుంట.